మే నెలకో గీత, డిసెంబరుకో గీత

హైదరాబాదు తార్నాకకు ఈశాన్యాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఈసీఐఎల్ ఉంది. 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ. ట్రాంబేలో తయారై 1969 జనవరిలో విక్రం సారాభాయ్ చేతుల మీదుగా పని ప్రారంభించిన టీడీసీ-12 కంప్యూటరుకు తర్వాతి తరాలైన టీడీసీ-312, టీడీసీ-316 యంత్రాలు 1970ల మధ్యలో ఈ సంస్థ నుంచే వచ్చాయి. ఆ కాలపు కంప్యూటర్లు బీరువాలంత ఉండేవి. వాటికంటూ ఒక గది, ఆ గదికి ఏసీ ఉండేవి. యంత్రం పుట్టించే వేడిని బయటికి పంపే పూచీ భవనానిది. మనిషే వెళ్లి యంత్రం గదిలో పనిచేసుకుని వచ్చేవాడు.

ఇప్పుడు యంత్రమే మనిషి గదికి వచ్చింది. ముషీరాబాద్ మెట్రో స్టేషన్‌లో దిగి రాంనగర్, విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు, అక్కణ్ణుంచి తార్నాకకు వెళ్తే దారి పొడవునా విద్యార్థులు అద్దెకుండే గదులు కనిపిస్తాయి. చాలావాటికి ఏసీ ఉండదు. పై అంతస్తు గదైతే పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ చిమ్ముతూనే ఉంటుంది. ఆ గదిలో, రెండు సెంటీమీటర్ల మందం కూడా లేని ల్యాప్‌టాప్ లోపల, అరచేతిలో పట్టే చిన్న ఫ్యాను ఒకప్పుడు భవనం చేసిన పని చేస్తోంది. అది ఎప్పుడు ఎంత వేగంగా తిరగాలో తయారీదారు ముందే రాసిపెట్టాడు. రాసిన రోజున అతని ముందు తార్నాక గది లేదు. ఆ రాతను గదికి తగ్గట్టు మార్చుకోవచ్చు. హైదరాబాదు లాంటి ఊళ్లో మార్చుకోవడం అవసరం కూడా. ఎలా మార్చుకోవాలో తెలియాలంటే వేడి ఏ దారిన బయటికి పోతుందో ముందు చూడాలి.

ప్రాసెసరులో పుట్టిన వేడి మొదట థర్మల్ పేస్టు పొర దాటి రాగి పలకలోకి వస్తుంది. అక్కణ్ణుంచి చదునుగా నొక్కిన ఒక రాగి గొట్టం దాన్ని ల్యాప్‌టాప్ అంచు దాకా తీసుకెళ్తుంది. హీట్‌పైప్ అనే ఈ గొట్టంలో గాలి ఉండదు, కొద్ది చుక్కల నీళ్లు ఉంటాయి. వేడి కొసన నీరు ఆవిరై రెండో కొసకు పరుగెత్తి, అక్కడ చల్లబడి, గొట్టం లోపలి గోడకున్న సన్నని రాగి అల్లిక గుండా వెనక్కి వస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. ఈ ఉపాయానికి 1944లోనే జనరల్ మోటార్స్ ఇంజనీరు గాగ్లర్ పేటెంటు పొందాడు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దాన్ని మళ్లీ కనిపెట్టి అంతరిక్ష నౌకల అవసరాలకు మలిచాడు. అంచుకు చేరిన వేడి కాగితమంత పలుచటి లోహపు రేకుల వరుసలోకి పాకుతుంది. ఫ్యాను చేసేదల్లా ఆ రేకుల మధ్య నుంచి గాలిని తోయడం.

ఫ్యాను దేన్నీ గది కంటే చల్లబరచలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కంతా తేలిగ్గా అర్థమవుతుంది. వేడి ఎంత జోరుగా బయటికి పోతుందనేది ప్రాసెసరుకూ గది గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. ఒక ల్యాప్‌టాప్ ప్రాసెసరు 30 వాట్లు వాడుతోందనుకుందాం. 25 డిగ్రీల ఏసీ ల్యాబులో అది 80 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందనుకుందాం. అంటే తేడా 55 డిగ్రీలు. అదే ల్యాప్‌టాప్‌ను, అదే పని చేస్తుండగా, అదే ఫ్యాను వేగంతో 40 డిగ్రీల గదిలో పెడితే ఆ 55 డిగ్రీల తేడా అలాగే ఉంటుంది, ప్రాసెసరు మాత్రం 95కు చేరుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించేసుకుంటాయి. కొన్ని ఏఎండీ రకాలకు ఆ హద్దు 95. ఏసీ ల్యాబులో సాఫీగా నడిచిన ప్రోగ్రాము అద్దెగదిలో నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం ఇదే. హైదరాబాదులో మే నెల పగటి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీల చుట్టూ తిరుగుతాయి. 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు ఈ నగరపు పాత రికార్డు.

ఇంకొక చిక్కు కూడా ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తున గాలి కాస్త పలచన. ఎండాకాలపు వేడికి మరికాస్త పలచబడుతుంది. సముద్ర తీరాన 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి దాదాపు 1.18 కిలోలు తూగితే, 40 డిగ్రీల హైదరాబాదు గాలి 1.06 కిలోలే తూగుతుంది. వేడిని మోసుకెళ్లేది గాలి బరువే గనక, ఫ్యాను అదే వేగంతో తిరుగుతున్నా మోసే వేడి పదో వంతు తగ్గిపోతుంది. అంటే మే నెలలో ఫ్యానుకు రెండు వైపుల నుంచీ దెబ్బే: ప్రాసెసరు హద్దుకూ గది గాలికీ మధ్య తేడా తక్కువ, గాలి పలచన.

అలాంటప్పుడు ఫ్యానును ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచితే సరిపోదా? సరిపోదు. ఫ్యానుల లెక్క మనిషి చెవికి అనుకూలంగా లేదు.

వేగం ఎంత పెరిగితే గాలి అంతే పెరుగుతుంది. ఫ్యాను తినే కరెంటు మాత్రం వేగపు ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. చప్పుడు సంగతి ఇంకా ఆసక్తికరం. ఇంజనీర్లు వాడే అంచనా సూత్రం ప్రకారం ఫ్యాను వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. పది డెసిబెళ్ల పెరుగుదల మనిషి చెవికి రెట్టింపు మోతగా అనిపిస్తుంది. ఇదే లెక్కను తిరగేసి చూస్తే లాభం కనిపిస్తుంది. నిమిషానికి 4,500 చుట్లు తిరిగే ఫ్యానును 3,600కు తగ్గిస్తే గాలి ఐదో వంతే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 5 డెసిబెళ్లు దిగుతుంది. 3,000కు తగ్గిస్తే గాలి మూడో వంతు పోతుంది, చప్పుడు దాదాపు 9 డెసిబెళ్లు పడిపోతుంది, అంటే వినేవాళ్లకు ఇంచుమించు సగమైనట్టు. పై వేగాల దగ్గర కొంచెం వదులుకుంటే చాలా నిశ్శబ్దం దొరుకుతుందన్న మాట. ఫ్యాను వేగాన్ని సొంతంగా సర్దుకోవాలనుకునేవాళ్లకు అతి పెద్ద ఊతం ఇదే.

దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లు హద్దు. ఆ నిబంధన రాసింది హారన్లు, లౌడ్‌స్పీకర్ల లాంటి బయటి చప్పుళ్ల కోసమే అయినా కొలబద్దగా పనికొస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి వేగంలో ఉంటే ముందు కూర్చున్నవారి చెవి దగ్గర 45 నుంచి 55 డెసిబెళ్ల దాకా వినిపిస్తుంది. ఉస్మానియా రీడింగ్ రూముల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. ఒకే రకం ల్యాప్‌టాప్‌లు పది ఒకేసారి మోగితే ఒకదాని చప్పుడుకు పది డెసిబెళ్లు కలుస్తాయి. ఒకరి ఫ్యాను వేగం పక్కవారి చదువును తాకే విషయం. దాన్ని సొంత సౌకర్యంగా మాత్రమే చూడటం సరికాదు.

అయితే డెసిబెళ్లు కథలో సగమే. మిగతా సగం స్వరంలో ఉంది. నిమిషానికి 4,500 చుట్లంటే సెకనుకు 75. ఫ్యానుకు 37 రెక్కలుంటే ఒక్కో రెక్క గాలిని కోసుకుంటూ వెళ్లే చప్పుడు సెకనుకు 2,775 సార్లు వస్తుంది. మనిషి చెవి అతి సున్నితంగా వినేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యే. అందుకే ల్యాప్‌టాప్ ఫ్యాను మోత కంటే దాని కీచుదనం ఎక్కువ విసిగిస్తుంది. వేగం 3,000కు దిగితే అదే రెక్కల స్వరం 1,850కి దిగి కాస్త మెత్తబడుతుంది. 2012లో రెటీనా తెర మ్యాక్‌బుక్ ప్రోను తెచ్చినప్పుడు యాపిల్ రెక్కల మధ్య దూరాలను కావాలనే అసమానంగా ఉంచింది. మొత్తం శబ్దశక్తి మారదు. ఒకే స్వరం మీద పోగుపడకుండా చాలా స్వరాల మీద పరుచుకుంటుంది, దాంతో చెవి దాన్ని గాలి హోరుగా తీసుకుని వదిలేస్తుంది.

ఎక్కువ మంది ఫిర్యాదు మాత్రం మోత గురించీ కాదు, కీచుదనం గురించీ కాదు. ఊరికే పెరుగుతూ తగ్గుతూ ఉండటం గురించి. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిస్తే ఫ్యాను ఒక్కసారి లేస్తుంది, రెండు క్షణాలకు తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. చెవి నిలకడగా ఉన్న చప్పుడుకు అలవాటు పడుతుంది, మారేదానికి పడదు.

దీనికి కారణం రెండు వేర్వేరు వేగాల దగ్గర ఉంది. ప్రాసెసరు చిప్పు చాలా చిన్నది. పని పడితే క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగబాకి క్షణంలో దిగిపోతుంది. రాగి పలక, హీట్‌పైపు, రేకులు వేడెక్కడానికి మాత్రం పదుల సెకన్లు పడుతుంది. ఫ్యాను చల్లార్చేది ఆ రేకులను, చూసుకుంటూ తిరిగేది చిప్పు ఉష్ణోగ్రతను. పాల గిన్నె దగ్గర నిలబడి నురుగు కాస్త కదిలినప్పుడల్లా మంటను సిమ్‌కు తిప్పి, అది ఆగగానే మళ్లీ పెద్దది చేసే మనిషి పనిలా ఉంటుంది ఇది. పాత ఆవిరి ఇంజన్లలో వేగాన్ని అదుపుచేసే గవర్నర్లు ఇలాగే అటూ ఇటూ ఊగేవి. ఆ ఊగిసలాట ఎప్పుడు సద్దుమణుగుతుందో, ఎప్పుడు పెరిగిపోతుందో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1868లో గణితంతో తేల్చాడు. ఇంజన్ల కోసం చేసిన ఆ గణితం ఇవాళ్టి ల్యాప్‌టాప్ ఫ్యానుకు కూడా వర్తిస్తుంది.

మందు రెండు రకాలు. ఒకటి, ఉష్ణోగ్రతను అప్పటికప్పుడు కాకుండా కొన్ని సెకన్ల సగటుగా చూడటం. రెండోది, ఎక్కే మెట్టుకూ దిగే మెట్టుకూ మధ్య ఎడం ఉంచడం: 65 డిగ్రీలు దాటితే వేగం పెరగాలి, 58కి దిగేదాకా తగ్గకూడదు. ఫ్యాను వేగాలను సొంతంగా సర్దుకునేవారిలో చాలామంది ఎన్ని డిగ్రీలకు ఎంత వేగం అని గంటలు గంటలు తలపట్టుకుంటారు. ఈ ఎడాన్నీ సగటునూ సరిచేసుకుంటే అసలు విసుగు అక్కడే చాలావరకు తీరిపోతుంది.

ఈ సర్దుబాటు ఎక్కడ చేయాలి? ల్యాప్‌టాప్‌లో ఫ్యానును నడిపేది విండోసో లైనక్సో కాదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే వేరే చిన్న చిప్పు ఉంటుంది. బ్యాటరీ చార్జింగు, కీబోర్డు, ఫ్యాను దాని చేతిలో ఉంటాయి. నాలుగు తీగల ఫ్యానులో ఒక తీగ కరెంటుకు, ఒకటి గ్రౌండుకు, ఒకటి తిరిగే వేగాన్ని వెనక్కి చెప్పడానికి. నాలుగోది ఆజ్ఞ తీసుకోవడానికి. దాని మీద సెకనుకు సుమారు 25,000 సార్లు విద్యుత్తు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వెలిగి ఉన్న సమయపు పాలును బట్టి వేగం. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినలేదు గనకే ఆ సంఖ్యను అక్కడ పెట్టారు.

లెనోవో వాంటేజ్, ఆసుస్ ఆర్మరీ క్రేట్ లాంటి కంపెనీ ప్రోగ్రాముల్లో నిశ్శబ్దం, సమతూకం, పూర్తి శక్తి అంటూ రెండు మూడు తరహాలు ఉంటాయి. కొన్ని గేమింగ్ మోడళ్లలో ఉష్ణోగ్రతను, వేగాన్ని కలిపే గీతను, అంటే ఫ్యాన్ కర్వ్‌ను, మౌసుతో లాగి మార్చుకోవచ్చు. లైనక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్‌తో వచ్చే పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ అనే పరికరం ఫ్యానును మెల్లమెల్లగా తగ్గిస్తూ ఎక్కడ ఆగిపోతుందో, ఎంత ఇస్తే మళ్లీ కదులుతుందో కొలిచి చూపిస్తుంది. ఈ రెండూ ఒకటి కాకపోవడం గమనించదగ్గది. ఆగిన ఫ్యానును కదిలించడానికి కావలసిన తోపు, తిరుగుతున్నదాన్ని తిరిగేలా ఉంచడానికి కావలసినదానికంటే ఎక్కువ. థింక్‌ప్యాడ్‌లకు లైనక్స్‌లో ఇంకా చక్కని ఏర్పాటు ఉంది. ఫ్యానుకు సున్నా నుంచి ఏడు దాకా మెట్లు. ఈ అధికారం మామూలుగా మూసి ఉంటుంది, కావాలని తెరిస్తేనే చేతికి వస్తుంది. తెరిచాక కాపలా గడియారం పెట్టుకోవచ్చు. నడిపే ప్రోగ్రాము చెప్పిన గడువు లోపల, గరిష్ఠంగా రెండు నిమిషాల్లో, కొత్త ఆజ్ఞ ఇవ్వకపోతే ఫ్యానును సురక్షిత స్థితికి తెచ్చేస్తుంది. ఎంబెడెడ్ కంట్రోలర్‌లోకి నేరుగా అంకెలు రాసే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. తమ మోడల్‌కు సరిపడే వివరాలు లేనివాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది. తప్పు చోట రాసిన ఒక్క అంకె చార్జింగును దెబ్బతీయగలదు.

గీత గీయడానికి ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. నిజానికి దాని ఫలితం ఫ్యాను కంటే పెద్దది. వేడిని బయటికి తోయడానికి తంటాలు పడేముందు పుట్టే వేడిని తగ్గించడం. ప్రాసెసరు ఖర్చు చేసే శక్తి దాని పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమంగా ఉంటుంది. పౌనఃపున్యం పది శాతం, దానితోపాటు వోల్టేజి పది శాతం తగ్గితే, 0.9ని మూడుసార్లు గుణించాలి, అంటే శక్తి 73 శాతానికి దిగుతుంది. పై లెక్కలోని 30 వాట్లు 22 అవుతాయి. ఆ 22 వాట్లకు తేడా 55 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తగ్గుతుంది. 40 డిగ్రీల గదిలో ప్రాసెసరు మళ్లీ 80 దగ్గరే నిలుస్తుంది, ఫ్యాను వేగం ఒక్క చుట్టు కూడా పెంచకుండా. మే నెల గది తినేసిన పదిహేను డిగ్రీలను పదోవంతు వేగం వెచ్చించి తిరిగి తెచ్చుకోవచ్చన్న మాట. థీసిస్ టైపు చేసేవారికి, వీడియో పాఠాలు చూసేవారికి ఆ పదోవంతు తెలియను కూడా తెలియదు. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసరు గరిష్ఠ స్థితిని 100 శాతం నుంచి 99కి తగ్గిస్తే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో టర్బో, అంటే పని పడినప్పుడు ప్రాసెసరు మామూలు వేగాన్ని మించి పరుగెత్తే తీరు, ఆగిపోతుంది, వేడి గబుక్కున పడిపోతుంది. వోల్టేజిని విడిగా తగ్గించే దారి మాత్రం చాలా మోడళ్లలో ఇప్పుడు మూతపడింది. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపాన్ని పరిశోధకులు బయటపెట్టారు. వోల్టేజిని తగ్గించి ప్రాసెసరు చేత తప్పులు చేయించి రహస్యాలు లాగవచ్చని అది చూపింది. దాంతో కంపెనీలు ఆ తలుపు మూసేశాయి. భద్రత కోసం చేసిన పని, తప్పుపట్టలేం. కానీ వేడి ఊళ్లవాళ్లకు ఒక మంచి పనిముట్టు దూరమైన మాట నిజం.

ఇక గీత. తార్నాక గదికి ఏడాది పొడవునా ఒకే గీత చాలదు. ఇది సాంకేతిక పుస్తకాల్లో కనిపించని సంగతి, గదిలో ఉండేవారికి మాత్రం కళ్లెదుటే ఉంటుంది. మే నెలలో గదిలో సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంలో ఉంటుంది, కిటికీలో కూలరు హోరుమంటుంది. అవి 55 డెసిబెళ్ల చప్పుడు చేస్తుంటే, వాటి మధ్య 45 డెసిబెళ్ల ల్యాప్‌టాప్ మొత్తం శబ్దానికి అర డెసిబెల్ కూడా కలపదు. ఆ నెలలో ల్యాప్‌టాప్‌ను నిశ్శబ్దంగా ఉంచి దక్కేదేమీ లేదు, పోయేదే ఎక్కువ. అందువల్ల వేసవి గీత ఎత్తుగా, చదునుగా ఉండాలి: 60 డిగ్రీల నుంచి 85 దాకా ఒకే గట్టి వేగం, ఆపైన పెరుగుతూ 90కి పూర్తి వేగం. చదునుగా ఎందుకంటే వేసవిలో ఏ పనీ లేకున్నా ప్రాసెసరు ఇంకో పదిహేను డిగ్రీలు పైన ఉంటుంది. చలికాలపు గీతను అలాగే వదిలేస్తే దాని ఏటవాలు భాగంలో చిక్కుకుని ఫ్యాను రోజంతా ఊగిసలాడుతుంది.

డిసెంబరు రాత్రికి ఇదంతా తలకిందులు. బయట 15 డిగ్రీల దరిదాపు, గదిలో ఫ్యాను లేదు, కూలరు అటక మీదుంది. వేడి పోవడానికి తేడా కావలసినంత ఉంది, నిశ్శబ్దమూ ఉంది. ల్యాప్‌టాప్ ఫ్యాను ఒక్కటే వినిపిస్తుంది. ఆ నెలల్లో 55 డిగ్రీల దాకా ఫ్యానును ఆపేయవచ్చు, 75 దాకా కనీస వేగంలో నడపవచ్చు. పై కొసను మాత్రం ఏ కాలంలోనూ కదపకూడదు. 90 దాటితే పూర్తి వేగం అనే నియమం రెండు గీతల్లోనూ ఉండాలి.

కూలరు గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు గాలి పొడిగా ఉంటుంది గనక కూలరు గది ఉష్ణోగ్రతను నిజంగానే కొన్ని డిగ్రీలు దింపుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసరు కూడా దాదాపు అన్నే డిగ్రీలు దిగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశం కూడా ఇలాంటిదే. ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేసిన పైకప్పు కింద గది తక్కువ కాగుతుంది. ఆ విధానాన్ని మనుషుల కోసం, కరెంటు బిల్లుల కోసం తెచ్చారు. పై అంతస్తు హాస్టల్ గదిలోని ల్యాప్‌టాప్‌కు కూడా దాని ఫలితం అందుతుంది.

గీత ఎంత బాగా గీసినా దారి మూసుకుపోతే వృథా. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, బొంత మీద పెట్టి పనిచేయడం హాస్టళ్లలో మామూలు. చాలా మోడళ్లు గాలిని అడుగు నుంచే పీలుస్తాయి. వెనక వైపు ఒక లావుపాటి పుస్తకం పెట్టి రెండు వేళ్ల ఎత్తు లేపితే చాలు, అదే వేగంలో ఎక్కువ గాలి వెళ్తుంది. రేకుల మధ్య సందు మిల్లీమీటరు దరిదాపే ఉంటుంది. రోడ్డు దుమ్ము, దుప్పట్ల నూగు కలిసి రేకుల లోపలి అంచున నమదాలా పేరుకుంటాయి. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు, ఫ్యాను మాత్రం అరుస్తూనే ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి తీసుకెళ్తే అడుగు మూత విప్పి, రేకులు శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేసిస్తారు. ఇంట్లోనే బ్లోయరుతో ఊదేవారు ఫ్యాను రెక్కను వేలితోనో పుల్లతోనో కదలకుండా పట్టుకోవాలి. బయటి గాలికి అది హద్దు మీరి తిరిగితే బేరింగు పాడవుతుంది.

సర్వీసింగ్ చేయించాక పాత గీత పనికిరాదు. ఒకే పనిని, ఉదాహరణకు ఒక వీడియో మార్పిడిని, ఇరవై నిమిషాలు నడిపి, గది ఉష్ణోగ్రతను, ప్రాసెసరు ఉష్ణోగ్రతను పక్కపక్కన రాసుకోవాలి. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు చాలు. రెంటి మధ్య తేడా ఆ ల్యాప్‌టాప్ అసలు స్వభావం చెబుతుంది. ఆ తేడా 50 అని తేలితే, 42 డిగ్రీల మధ్యాహ్నం అదే పని చేసినప్పుడు ప్రాసెసరు 92కు చేరుతుందని ముందే తెలిసిపోతుంది. ఆ పనిని రాత్రికి వాయిదా వేయాలో, టర్బో ఆపాలో, ఫ్యానును ఇంకో మెట్టు ఎక్కించాలో అప్పుడే నిర్ణయించుకోవచ్చు.